ఆగమనే కుడిచెయ్యి

మా వదిన ట్రాఫిక్ కానిస్టేబులు. చెయ్యెత్తడమే ఆవిడ ఉద్యోగం, కానీ దేనికీ చేతులెత్తేసే రకం కాదు. ఈ రెండు మాటల మీదా మా ఇంట్లో ఎన్నేళ్లుగా జోకులు నడుస్తున్నాయో లెక్కలేదు. వాటిల్లో సగం నావే. మిగతా సగం మా అన్నయ్యవి, కాకపోతే ఆయన భార్య వినేలా ఒక్కటీ వెయ్యడు.

ఆవిడ నిలబడే కూడలి గురించి ముందు చెప్పాలి. అక్కడ ఐదు రోడ్లు కలుస్తాయి. సిగ్నల్ స్తంభాలు మాత్రం నాలుగే, ఎందుకంటే అవి పాతినప్పుడు ఐదో రోడ్డు లేదు. తర్వాత ఎవరో కొత్త ఇళ్లు కట్టి, ఒక రోడ్డు తెచ్చి కూడలికి తగిలించారు. దానికో దీపం పెట్టే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది. దాంతో ఐదో రోడ్డులోంచి వచ్చేవాడికి ఎప్పుడూ పచ్చదీపమే. వాడు ఎప్పుడొస్తే అప్పుడే వాడి వంతు. అలాంటి చోట దీపాలు ఏం చేస్తాయి? మనిషి కావాలి. ఆ మనిషి మా వదిన.

వదిన ఈల ఊదదు. ఈల జేబులో ఉంటుంది, అలంకారానికి. ఈల వేస్తే ప్రతివాడూ అది పక్కవాడికే అనుకుంటాడని, చెయ్యి చూపిస్తే ఎవడికి చూపించామో వాడికి తెలిసొస్తుందని ఆవిడ వాదన. కుడిచెయ్యి చెవి పక్కకి నిటారుగా లేచి, అరచెయ్యి ఎదటికి తిరిగిందంటే ఆగాలి. ఎడంచెయ్యి లేచి లోపలికి ఊపిందంటే రావాలి. అంతే, మూడో ముక్క లేదు. ఆ దారిలో రోజూ తిరిగే డ్రైవర్లు దీపాలు చూడడం మానేసి ఆవిడ చేతులు చూడడం మొదలుపెట్టారు. చెయ్యి తిరిగిన పనివాళ్లని దర్జీలను అంటారు, వంటవాళ్లను అంటారు. నేను దర్జీనే, నన్నెవరూ అన్న పాపాన పోలేదు. వదినను చూస్తే మాత్రం నాకు అనాలనిపించేది.

అలాంటి మనిషి, లారీలకూ బస్సులకూ అడ్డం నిలబడి చిన్న గీతైనా పడని మనిషి, ఇంట్లో ఫ్యాను తుడవబోయి స్టూలు మీంచి పడింది. కుడిభుజానికి కాస్త కింద ఎముక విరిగింది. ఆపరేషను చేసి, ప్లేటు పెట్టి, స్క్రూలు బిగించి, చేతిని మెడకు వేలాడదీసి ఇంటికి పంపారు.

చూడ్డానికి వచ్చినవాళ్లకు అన్నయ్య లారీ గుద్దిందని చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. దేని మీదా మరక కనపడకుండా తుడవడం ఆయనకు అలవాటు. ట్రాఫిక్ కానిస్టేబులు స్టూలు మీంచి పడిందంటే నలుగురూ నవ్వుతారని ఆయన బాధ. ఆయన లారీ నంబరు దాకా రాకముందే లోపలి గదిలోంచి వదిన గొంతు వినిపించేది, లారీ కాదు, స్టూలని. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వడం అయ్యాక సలహాలు. ఇంకా ఆ ఎండలో ఎందుకమ్మా, కుర్చీ ఉద్యోగం అడుగు, నీడపట్టున కూర్చో, వయసు మాత్రం తక్కువా అని. ఒకావిడైతే ఈ స్టూలు నీకు మేలే చేసిందంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ నాకు కుట్టమని ఇచ్చిన బట్టల మూట అలమారా అడుక్కి తోసేశాను, ఎన్నిసార్లు కబురు పెట్టినా బయటికి తియ్యలేదు.

కుర్చీ ఉద్యోగం అన్నది ఊరికే అన్న మాట కాదు. వాళ్ల ఇన్‌స్పెక్టరు స్వయంగా ఇంటికొచ్చి పళ్ల సంచీ బల్ల మీద పెట్టి, అదే మాట తియ్యగా చెప్పి వెళ్లాడు. సెలవు అయిపోయేలోపు వైద్యపరీక్ష ఉంటుంది. చెయ్యి లేస్తే కూడలి. లేకపోతే కెమెరాల గది. అక్కడ గోడ నిండా తెరలుంటాయి, చల్లగా ఉంటుంది, కూర్చుని చూస్తుంటే చాలు. ఆయన చెడ్డవాడేమీ కాదు, మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. కాకపోతే ఒకసారి ఆ గదికి పోయినవాళ్లెవరూ మళ్లీ రోడ్డు మీదికి రాలేదు. వదినకు అది తెలుసు. ఆయన అటు వెళ్లగానే, ఆ పళ్లు నువ్వే తిను పిల్లా, నాకు అరగవు అంది. నలభై దాటినా నేను ఆవిడకు పిల్లనే.

పట్టీ విప్పాక చూస్తే ఆ చెయ్యి వదినది కాదేమో అనిపించింది. సన్నబడి, పాలిపోయి, మోచేతి దగ్గర ముడుచుకుపోయి ఉంది. ఎత్తమంటే వేళ్లు కదిలాయి. భుజం మాత్రం పిలుస్తున్నది తనను కాదన్నట్టు ఊరుకుంది. తల దువ్వుకోవడం నా చేత, చొక్కా తొడుక్కోవడం నా చేత. చొక్కాల కుడివైపు మెడ నుంచి చేతి అంచు దాకా విప్పేసి ప్రెస్‌బటన్లు కుట్టిపెట్టాను. రోజూ పొద్దున వాటిని టపటపా నొక్కుతుంటే ఆవిడ గోడకేసి చూస్తూ కూర్చునేది. వదినకు ఒకరి చేత చేయించుకోవడమంటే ఒంటికి పడదు. జడ కాస్త వదులుగా వేశానని నా మీద ఒంటికాలి మీద లేచింది ఒకసారి. నేనూ తక్కువ తినలేదు, నీ జుట్టు నువ్వే వేసుకో అని దువ్వెన చేతిలో పెట్టేసి వచ్చాను. కాసేపటికి ఎడంచేత్తో చిందరవందరగా ముడేసుకుని వచ్చి, ఎలా ఉంది అని అడిగింది. పిచ్చుకలు వస్తాయేమో చూసుకో అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అంతలోనే ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు మహా కష్టమనిపించింది, ముడి విప్పి మళ్లీ దువ్వాను.

వ్యాయామాలు చేయించుకోమని డాక్టరు ఒకచోటికి పంపాడు. మందుల షాపు మీద ఒకే ఒక్క గది. ఒక బల్ల, గోడకు బిగించిన కప్పీ, దాంట్లోంచి వేలాడే తాడు, వేళ్లతో ఎక్కడానికి సన్నటి చెక్కమెట్లు. ఫిజియోథెరపిస్టు అనడానికి నోరు తిరక్క ఆయన్ని మాస్టారు అనేవాళ్లం. మాకంటే చాలా చిన్నవాడు. మాట మెత్తన, పట్టు ఇనుము. మొదటిరోజు ఆయన చేతిని పట్టుకుని పైకి లేపగానే వదిన కేక పెట్టలేదు, తిట్టింది. ఆవిడకు తిట్లంటే కూడలి తిట్లే వచ్చు. కళ్లు నెత్తికెక్కాయా అంది. ముందు ఎవరున్నారో చూసుకోవా అంది. చివరికి, నీకసలు లైసెన్సు ఎవడిచ్చాడయ్యా అంది. మాస్టారు పట్టు వదలకుండానే గోడ మీద ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్టును గడ్డంతో చూపించాడు. అప్పట్నుంచి వాళ్లిద్దరికీ కుదిరింది.

ఇంట్లో వ్యాయామం నా కుట్టుగదిలో. తలుపు మీదుగా తాడు వేసుకుని ఎడంచేత్తో లాగుతూ కుడిచేతిని లేపడం ఒకటి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో గోడ ఎక్కడం ఇంకొకటి. వేళ్లు ఎక్కడిదాకా అందితే అక్కడ నేను బట్టల మీద గీసే సుద్దతో గీత పెట్టేదాన్ని. గీతలు చకచకా పైకి పోయాయి. కిటికీ అడుగు దాటాయి, గొళ్లెం దాటాయి. అన్నయ్య పని నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ముందు గోడ చూసేవాడు. గోడ చూసి పెళ్లాన్ని చూసేవాడు, ఆవిడ మూతి తిప్పుకునేది, కానీ లోపల పొంగిపోతున్నదని నాకు తెలుసు. ఇంక కుర్చీలో వాళ్ల ఇన్‌స్పెక్టరునే కూర్చోమను అనుకున్నాం.

ఆ గర్వమంతా మోసుకుని మాస్టారి దగ్గరికి వెళ్లి, గొళ్లెం దాటామని చెప్పాం. ఆయన వదినను గోడకు వీపు ఆనించి నిలబడమన్నాడు. నడుమూ వీపూ గోడను వదలకూడదన్నాడు, మడమలు నేలను వదలకూడదన్నాడు. ఇప్పుడు ఎత్తమన్నాడు. చెయ్యి ఛాతీ ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. వదిన పళ్లు బిగించింది, మొహం కందిపోయింది, మెడనరాలు పైకి తేలాయి. చెయ్యి మాత్రం వేలెడు పైకి పోలేదు.

"గోడ ఎక్కింది మీ చెయ్యి కాదమ్మా," అన్నాడు మాస్టారు. "నడుం వంచారు, భుజాన్ని చెవి దాకా ఎగరేశారు, మునివేళ్ల మీద లేచారు. మీరొచ్చింది రాంగ్ రూట్‌లో."

రాంగ్ రూట్. ఆ మాట ఆవిడ ఇంకొకరిని అనడమే తప్ప ఆవిడను అన్నవాడు ఇంతవరకూ లేడు. నాకైతే నవ్వొచ్చి చచ్చింది, కానీ ఆవిడ మొహం చూసి మింగేశాను. ఇంటికొస్తుంటే దారిలో ఒకే ఒక్క మాట మాట్లాడింది. దగ్గర కదా అని ఇటు వచ్చానండీ అని పట్టుబడ్డ ప్రతివాడూ తనకు చెప్తాడట, ఇవాళ తన ఒళ్లు తనకే ఆ కబురు చెప్పిందట. ఇల్లు చేరగానే తడిగుడ్డ తీసుకుని ఎడంచేత్తో గోడ మీద గీతలన్నీ తుడవడం మొదలుపెట్టింది. అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. చూసుకోవడానికి ఒకటి రెండైనా ఉంచవే అని బతిమాలాడు. ఒక్కటీ ఉంచలేదు.

మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఈసారి వీపు గోడకు, మడమలు నేలకు. నన్ను కాపలా పెట్టింది. నడుం వంగినా, భుజం ఎగిరినా చెప్పమంది. నేను మిషను తొక్కుతూనే, నడుం, అనేదాన్ని. భుజం, అనేదాన్ని. ఒకప్పుడు రోడ్డు మీద ఆవిడ అరిచిన అరుపులు ఇప్పుడు ఇంట్లో నేను అరుస్తున్నాను. చెయ్యి మీద కోపం వస్తే దాన్నే తిట్టేది, ఇన్నేళ్లూ నిన్ను మేపింది ఎవరనుకున్నావు అని. నొప్పి ఎక్కువైతే కాసేపు గోడకే ఆనుకుని కళ్లు మూసుకునేది. తర్వాత మళ్లీ ఎత్తేది. ఆవిడ మొండితనం చూస్తుంటే నాకు ముచ్చటా వేసేది, భయమూ వేసేది. ఆ చెయ్యి ఎప్పటికీ లేవకపోతే ఈ మనిషిని ఏ కుర్చీలో కూర్చోబెట్టగలం?

చెయ్యి భుజం ఎత్తుకు వస్తున్న రోజుల్లో ఆ గొడవ జరిగింది. వ్యాయామం అయ్యాక మేం కూడలి మీదుగా నడిచొస్తున్నాం. ఆవిడ బదులు పెట్టిన కొత్త కానిస్టేబులు బుగ్గలు పగిలేలా ఈల ఊదుతున్నాడు. ఎవడూ వినిపించుకోవడం లేదు. ఐదో రోడ్డులోంచి ఒక నీళ్ల ట్యాంకరు వచ్చేస్తోంది, ఎదటి నుంచి పెద్ద బస్సు వస్తోంది. ఆ బస్సు నడిపే ఆయన్ని మేం మీసాల డ్రైవరు అంటాం, ఆ దారిలో ఆయన వదినంత పాత. నేను చెయ్యి పట్టుకునే లోపే వదిన ఫుట్‌పాత్ దిగిపోయింది. మామూలు బట్టల్లో, చెప్పులతో, కూడలి మధ్యకి పోయి నిలబడింది. బస్సును ఆపాలి. కుడిచెయ్యి లేవదు. ఎడంచెయ్యి ఎత్తింది.

మీసాల డ్రైవరు ఆవిడను చూశాడు, ఎంతో కాలానికి కనపడిందని మొహం వెలిగింది, చక్కగా బస్సును ముందుకు నడిపించుకొచ్చాడు. ట్యాంకరు ముక్కూ బస్సు ముక్కూ వేలెడు దూరంలో ఆగాయి. వెనక అన్ని రోడ్లూ బిగుసుకుపోయాయి. హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"మీరు రమ్మన్నారనే వచ్చానమ్మా."

"ఆగమన్నాను."

"ఎడం చేత్తోనా?"

ఆయన తప్పేమీ లేదు. ఇంకెవరు ఎడంచెయ్యి ఎత్తినా ఆయన ఆగేవాడేమో. ఆ చెయ్యి ఎత్తితే రమ్మని అర్థమని ఇన్నేళ్లూ ఆయనకు నేర్పింది మా వదినే. నేర్పినది నేర్పినట్టు చేశాడు, అంతే.

ఆ చిక్కు విడదీయడానికి ఇన్‌స్పెక్టరు జీపులో రావలసి వచ్చింది. సెలవులో ఉన్న మనిషి, యూనిఫారం లేకుండా, చెయ్యి బాగుపడకుండా రోడ్డు మీదికి ఎలా వస్తుందని నలుగురి ముందూ గట్టిగానే కేకలేశాడు. తిట్టినంత తిట్టి చివర గొంతు తగ్గించి, ఇంక ఈ పట్టుదల వదిలెయ్యమ్మా, కెమెరాల గదిలో నీ కోసం కుర్చీ వేయించాను అన్నాడు. వదిన తల దించుకుని నిలబడింది. ఆవిడ తల దించడం నేను చూడడం అదే మొదలు. ఆ జీపు టైరుకు నా కత్తెర దించాలన్నంత కోపం వచ్చింది నాకు.

ఆ సాయంత్రం అన్నయ్య నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఆయన భయం ఆయనది. ఆ ట్యాంకరు ఆగకపోయి ఉంటే ఏమయ్యేదని మధ్యాహ్నమంతా తలుచుకుని తలుచుకుని మొహం పీక్కుపోయి ఉంది. కుర్చీలో కూర్చుంటే తప్పేముందన్నాడు. అక్కడ కూడా రోడ్లే కదా చూసేదన్నాడు. వదిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎడంచేత్తో రుద్దుకుంటూ కూర్చుంది.

"ఆ గదిలో వాళ్లంతా నాకు కనపడతారు. నేనెవరికి కనపడతానండీ?" అంది. "ఇంట్లో నేను చెయ్యి ఊపి పిలిచినా మీరు పేపరు లోంచి తల ఎత్తరు. అక్కడ చెయ్యెత్తితే ఐదు రోడ్లు నా వంక చూస్తాయి. నాకది కావాలి. సిగ్గులేకుండా చెప్తున్నా, అది నాకు కావాలి."

ఆ మాట నాకూ తగిలింది. ఆడది అలా కావాలని అడగడం మా ఇంట్లో ఎవరం వినలేదు. ఓపిక ఉన్నంతవరకు చేస్తాం, పోతే కూర్చుంటాం, అదే మాకు తెలిసిన పద్ధతి. ఆ రాత్రి నుంచి అన్నయ్య నోట కుర్చీ మాట మళ్లీ రాలేదు. మర్నాడు తలుపు మీద తాడు అరిగిపోయిందని తనే కొత్త తాడు తెచ్చి కట్టాడు.

తర్వాత వదిన ఎంత కష్టపడిందో చెప్తే అతిశయోక్తి అనుకుంటారు. చెయ్యి ఎత్తడం ఒక్కటే కాదు, ఎత్తి నిలపాలి. కూడలిలో ఒక రోడ్డు మొత్తం ఖాళీ అయ్యేదాకా దించకూడదు. మాస్టారు ఒక సీసాలో నీళ్లు పోసి పట్టుకోమన్నాడు. నేను ఒక చొక్కా చేతికి పైనుంచి కిందిదాకా కుట్టు వేసేంతసేపు పట్టుకోవాలని ఆవిడ తనకు తనే రూలు పెట్టుకుంది. మొదట్లో సగం కుట్టు కూడా కాకుండా సీసా దభీమని పడేది, నేల తుడవడం నా వంతు. దొంగతనంగా నేను మిషను వేగంగా తొక్కితే కనిపెట్టేసేది. నీ జాలి నీ దగ్గరే ఉంచుకో, మామూలుగా తొక్కు అనేది. పోనుపోను చొక్కా చెయ్యి పూర్తయ్యేది, సీసా నిలిచేది. తల తనే దువ్వుకోవడం మొదలుపెట్టింది. ప్రెస్‌బటన్లన్నీ నా చేత విప్పించి, చొక్కాలు మళ్లీ మామూలుగా కుట్టించుకుంది.

కానీ చెయ్యి చెవి పక్కకు మాత్రం రాలేదు. కనుబొమల ఎత్తుకు కొంచెం పైన, మోచెయ్యి కాస్త వంగి, అక్కడ ఆగిపోయింది. మాస్టారు ఎన్ని విధాల ప్రయత్నించినా అక్కడే. ఒకరోజు ఆయన బల్ల అంచున కూర్చుని, ఇంతకంటే రాకపోవచ్చమ్మా అని దాచకుండా చెప్పాడు. ఆపడానికి ఇది చాలదా అని వదిన అడిగింది. నాకెలా తెలుస్తుందమ్మా, నాకు బండి లేదు, నేను నడిచొస్తాను అన్నాడాయన. వదిన అద్దం ముందు నిలబడి ఆ వంకర చేతిని చాలాసేపు చూసుకుంది. నచ్చలేదు. నచ్చకపోయినా దించలేదు.

పరీక్షలో డాక్టరు ఒక కొలబద్ద లాంటిది భుజానికి ఆనించి కొలిచాడు. తక్కువ అన్నాడు. ఉండాల్సినంత లేదు అన్నాడు. ఇన్‌స్పెక్టరు పక్కనే ఉన్నాడు, నిట్టూర్చి, సరేనమ్మా, నీ ప్రయత్నం నువ్వు చేశావు అన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి వింటున్నాను. వదిన చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆయన వైపు తిరిగింది.

"నా చెయ్యి ఎంత లేస్తుందో కొలిచారు సార్. బండి ఆగుతుందో లేదో కొలవలేదు. ఒక్క పొద్దున నన్ను అక్కడ నిలబెట్టి చూడండి. బండ్లు ఆగకపోతే మీ కుర్చీ ఎక్కడుందో నేనే అడుక్కుంటూ వస్తా."

ఇన్‌స్పెక్టరు డాక్టరు వంక చూశాడు. డాక్టరు భుజాలు ఎగరేశాడు, ఏ నొప్పీ లేకుండా. చివరికి ఇన్‌స్పెక్టరు ఒప్పుకున్నాడు. రేపు పొద్దున, తన కళ్ల ముందు, ఒకే ఒక్కసారి. పక్కన కొత్త కానిస్టేబులు కూడా ఉంటాడు. ఒక్క బండి ఆగకుండా పోయినా ఇంక మాట్లాడకూడదు. వదిన సరేనంది.

ఆ చెయ్యి ఎత్తితే చొక్కా పైకి లాక్కుపోతోందని సంక కింద చిన్న గుడ్డముక్క వేసి వదులు చేశాను. పొద్దున్నే ముగ్గురం వెళ్లాం. అన్నయ్య పని ఎగ్గొట్టి వచ్చాడు, నాతోపాటు ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు. కొత్త కానిస్టేబులు ఈల నోట్లో పెట్టుకుని ఒక పక్కన సిద్ధంగా ఉన్నాడు. జీపు ఎక్కడా కనపడలేదు. వదిన మాకేసి చూడలేదు. యూనిఫారం సర్దుకుని కూడలి మధ్యకి నడిచింది.

మొదట వచ్చింది మీసాల డ్రైవరు బస్సే. వదిన కుడిచెయ్యి ఎత్తింది. వెనకటిలా ఎగిరి లేవలేదది. మెల్లగా, మెట్టు మెట్టుగా లేచి, కనుబొమల మీద ఆగింది, మోచెయ్యి వంగే ఉంది. కానీ అరచెయ్యి ఎదటికి తిరిగింది. డ్రైవరు ముందుకు వంగి చూశాడు. ఆ చెయ్యి ఆయనకు కొత్త. బస్సు నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, గీత దగ్గర ఆగింది. దాని వెనక ఆటో ఆగింది, దాని వెనక ఇంకోటి. వదిన ఎడంచేత్తో పక్క రోడ్డును పిలిచింది. వాళ్లు కదిలారు. అన్నయ్య నా మణికట్టు పట్టుకుని నలిపేస్తున్నాడు.

ఒక్కో రోడ్డూ ఆగుతోంది, ఒక్కో రోడ్డూ కదులుతోంది. అంతలో దీపం లేని ఆ ఐదో రోడ్డులోంచి ఒక బండి వేగం తగ్గించకుండా వచ్చింది. జీపు. ఇన్‌స్పెక్టరు స్వయంగా నడుపుతున్నాడు. తనూ ఒక బండేనని, తనను ఆపగలదో లేదో చూద్దామని చుట్టు తిరిగి అటు నుంచి వచ్చాడు. హారను మీద చెయ్యి వేసి వస్తున్నాడు. అటుపక్క రోడ్డులో జనం అప్పుడే దాటడం మొదలుపెట్టారు. వదిన ఆయన వైపు తిరిగింది. అప్పటికే అలసిన కుడిచేతిని మళ్లీ ఎత్తింది. జీపు దగ్గరకొచ్చింది. ఆవిడ పక్కకి జరగలేదు, నడుం వంచలేదు, భుజం ఎగరెయ్యలేదు. జీపు బ్రేకు పడి, ఆవిడకు రెండు బారల దూరంలో కీచుమని ఆగింది.

ఆయన హారను కొట్టాడు. సరే, ఆపావు, ఇంక వదులు అన్నట్టు చెయ్యి ఊపాడు. వదిన వదల్లేదు. ఎడంచేత్తో అవతలి రోడ్డును పిలుస్తూనే ఉంది. స్కూలు వ్యాను వెళ్లింది, పాలబండి వెళ్లింది, నడిచేవాళ్లు వెళ్లారు. ఎత్తిన చెయ్యి వణకడం మొదలైంది. మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా వణుకుతోంది. చెమట ఆవిడ గడ్డం మీంచి కారుతోంది. దించమను, ఇంక చాలనవే అని అన్నయ్య నా చెవిలో ఏడుపు గొంతుతో అంటున్నాడు. నేను లోపల్లోపల మిషను తొక్కుతూ చొక్కా చెయ్యి కుడుతున్నాను. అది పూర్తయింది. రెండోది మొదలుపెట్టాను. ఇన్‌స్పెక్టరు మళ్లీ హారను కొట్టాడు, ఈసారి గట్టిగా. ఆవిడ ఆయన కళ్లలోకి చూస్తూ అరచేతిని ఇంకాస్త ముందుకు తోసింది.

అప్పుడు ఆయన హారను మీంచి చెయ్యి తీశాడు. ఇంజను ఆపేశాడు. సీటుకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వదిన చెయ్యి దించలేదు, అవతలి రోడ్డులో ఒక ముసలాయన సైకిలు తోసుకుంటూ ఇంకా సగం దారిలోనే ఉన్నాడు.